ఉల్లిపొర చీర ఎన్నో గడి?

ఒకానొక రాజ్యంలో, అది ఎక్కడని నన్నడక్కండి, ఉద్దండవర్మ అనే రాజు ఉన్నట్టుండి రంగుల మీద పడ్డాడు. పని తోచని రాజులతో ఎప్పుడూ ఇదే గొడవ.

లేతవి పైన, ముదురువి కింద వచ్చేలా నూరు గళ్ళ పటం రాయించాడు. "ఇకమీదట వంకాయరంగు, చిలకపచ్చ అంటూ మోటు పేర్లు వద్దు. ఎన్నో వరుస, ఎన్నో గడి, అంతే చెప్పాలి" అని చాటింపు వేయించాడు. ఐదో వరుస మొదటి గడి ఎరుపు తన తలపాగాది, ఇంకెవరూ కట్టరాదు. ఏడో వరుస మొదటి గడి గుర్రపుశాల వాళ్ళది.

పాత పేర్లను గళ్ళలోకి మార్చడానికి రంగులద్దే చెంగమ్మ పెరట్లోకి తానే వెళ్ళాడు. ఉల్లిపొర రంగు ఆరో వరుస మూడో గడి అని రాసుకొచ్చాడు.

తర్వాత రాణిగారు ఉల్లిపొర చీర అడిగారు. చెంగమ్మ ముప్పై ఏళ్ళుగా వేస్తున్న రంగే వేసి, ఆరబెట్టి తెచ్చింది. రాజు పటం పక్కన పెట్టి చూస్తే నాలుగో వరుసకు వచ్చింది.

"రాజునే మోసం చేస్తావా? మూడు రోజుల్లో తొట్లు పగలగొట్టి ఊరు విడిచి పో" అన్నాడు.

చెంగమ్మ ఏడుస్తూ కొలువులో ఉండే తిప్పన్న దగ్గరికి పోయింది.

"రాజుగారు ఏ గుడ్డ చూసి రాసుకున్నారు?" అని అడిగాడు తిప్పన్న.

"తొట్టిలోంచి తీసిన తడిగుడ్డ, బాబూ. తడి మీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరనివ్వండి అంటే కళ్ళెర్రజేశారు."

తిప్పన్న తల పట్టుకున్నాడు. ఈ మాత్రం చాకిరేవులో ఎవరిని అడిగినా చెబుతారు కదా!

మర్నాడు నిండు కొలువులో చెంబెడు నీళ్ళు తెచ్చి రాజు తలపాగా మీద కుమ్మరించాడు. భటులు కత్తులు దూశారు.

"చంపేముందు పటం చూడండి" అన్నాడు తిప్పన్న.

చూశారు. తడిసిన పాగా సరిగ్గా ఏడో వరుస మొదటి గడి.

"చట్టం ప్రకారం ప్రభువులు ఇప్పుడు గుర్రాలకు గడ్డి వేయాలి. లేదా పాగా ఆరేదాకా ఆగాలి. చెంగమ్మ గుడ్డకు మాత్రం ఆ పాటి గడువు ఇవ్వలేదు."

గడ్డం మీదుగా నీళ్ళు కారుతుండగా రాజు చాలాసేపు పటం వంకే చూశాడు. చివరికి నవ్వాపుకోలేకపోయాడు. తిప్పన్నకు శాలువా కప్పించి, చెంగమ్మను పిలిపించి శిక్ష రద్దు చేసి, "ఆ పాత పేర్ల పట్టిక నువ్వే మళ్ళీ రాయించు" అన్నాడు.

"అలాగే మారాజా. కానీ గుడ్డలు ఆరేదాకా నా పెరట్లోకి ఎవరూ రాకూడదు."

"నేనైనా?"

"ముఖ్యంగా తమరే."