పెండేరం కట్టిన కాళ్ళు

ఒకానొక రాజ్యంలో అన్నీ ఉండేవి, గెలుపు ఒక్కటి తప్ప. ఆ రాజ్యం పేరు ఇప్పలవరం. నేల మంచిది, నీళ్ళు తియ్యన, చింతకాయ పచ్చడికి చుట్టుపక్కల నాలుగు రాజ్యాల్లోనూ పేరు. ఆ పచ్చడిలో మెంతిపిండి ఎప్పుడు కలపాలన్న విషయం మీద పూర్వం రెండు వీధులు మాటలు మానేశాయి కూడా. సరే, పచ్చడి సంగతి అలా ఉంచుదాం. ఇది చెడుగుడు కథ.

ఏటా వసంతోత్సవం నాడు, ఎండిన ఏటి ఇసుకలో, ఇప్పలవరానికీ పక్కనున్న నల్లేరుకోటకూ చెడుగుడు పోటీ జరిగేది. జట్టుకు ఏడుగురు. మూడు ఆటలు. రెండు గెలిచినవాళ్ళది పైచెయ్యి. విక్రమతుంగ మహారాజు గద్దెనెక్కిన నాటి నుంచీ ఇప్పలవరం వరసగా పదకొండేళ్ళు ఓడింది. ఓడటమంటే అలా ఇలా కాదు. ఆ పదకొండేళ్ళలో ఒక్క ఆట, ఒక్కటంటే ఒక్కటి, గెలవలేదు.

ఆ ఓటముల బరువంతా మోసేవాడు రాజుగారు కాదు, వల్లభామాత్యుడు, ఊరివాళ్ళకు వల్లభయ్య. పేరులో అమాత్యుడు ఉన్నా ఆయన మంత్రి కాడు. కొలువులో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, తాంబూలం ఎవరికి ముందు, ఎవరికి వెనక అని చూసే మర్యాదల అధికారి. ఏడేళ్ళ వయసులో తండ్రి భుజాల మీద కూర్చుని మొదటి పోటీ చూశాడు. ఆ ఏడు ఇప్పలవరం గెలిచింది. ఆయన బతుకు పాడైంది అక్కడే. ఆనాడే ఓడి ఉంటే ఆ ఆట మీద మోజు పుట్టేది కాదు, హాయిగా ఆ మోజేదో పచ్చడి మీద పెట్టుకునేవాడు. ఇప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. పోయేలోపల మన జట్టు మళ్ళీ జట్టులా ఆడటం చూడాలన్నది ఒక్కటే ఆయన కోరిక.

ఫాల్గుణం వచ్చిందంటే ఆయనకు అన్నం సయించేది కాదు. ఆ ఏడూ అంతే. విస్తరి ముందు తల వంచుకుని కూర్చున్న భర్తను చూసి పేరిందేవమ్మ కంగారుపడింది.

"ఏమిటండీ ఆ ముఖం? ఎవరైనా పోయారా?"

"ఇంకా లేదు. పోటీకి పదిహేను రోజులుంది."

"అయితే చారు పోసుకోండి. పోయినవాళ్ళకు ఏడవచ్చు గానీ, పోబోయేవాళ్ళకు కూడానా?"

ఆయన దిగులుకు కారణం ఆటగాళ్ళు లేకపోవడం కాదు, రాజుగారు ఆటగాళ్ళను కూర్చే పద్ధతి. విక్రమతుంగుడికి బిరుదులంటే ప్రాణం. ఒకటి రెండేళ్ళకోసారి ఏదో ఒక రాజ్యం నుంచి పేరుమోసిన మల్లుణ్ణి తెప్పించేవాడు. ఆ పేరు ఎప్పుడు మోసిందో అడిగేవాడు కాదు. వచ్చినవాడికి నిండుకొలువులో తన చేతులతో కాలికి బంగారు గండపెండేరం తొడిగేవాడు. బదులుగా మన ఊరి కుర్రకారును ఇద్దరినో ముగ్గురినో అటు పంపేవాడు. అలా పంపినవాళ్ళలో గంగులు అనే మేకల కాపరి ఉన్నాడు. వాడు ఇప్పుడు నల్లేరుకోట జట్టుకు నాయకుడు. ఏటా వచ్చి, పుట్టిన ఊరి మట్టిని కళ్ళకద్దుకుని, ఆ ఊరి జట్టును ఇసుకలో పాతిపెట్టి పోతాడు. మర్యాద తెలిసిన పిల్లవాడు, ఏమనడానికీ లేదు.

ఆ ఫాల్గుణంలో రాజుగారు ఏడవ పెండేరం కట్టారు. వచ్చినవాడు గజబాహు బిరుదున్న మల్లుడు. పంపింది సాక్షాత్తూ నల్లేరుకోట. వయసు యాభై ఒకటి. కొలువులోకి నడిచి వస్తుంటే ముందు పొట్ట వచ్చింది, తరవాత బిరుదు వచ్చింది, ఆ తరవాత ఆయన వచ్చాడు.

వల్లభయ్య ఉండబట్టలేక అనేశాడు. "ప్రభూ, శత్రువు తన ఇంటి దూలాన్ని మనకిచ్చాడంటే, అది పుచ్చిందో లేదో తట్టి చూడాలి కదా."



"ఏమోయ్ వల్లభా!" అని రాజుగారు మీసం మీద చెయ్యి వేశారు. "పదకొండేళ్ళుగా చూస్తున్నాం. నువ్వు ఓడతామంటావు, మనం ఓడతాం. లోపం మా ఎంపికలో లేదు, నీ నోట్లో ఉంది. ఈ క్షణం నుంచి జట్టు గురించి నువ్వు నోరెత్తకూడదు. ఓటమి అన్న మాట నీ నోట వచ్చిందా, ఆ రోజు నుంచి బతికున్నంత కాలం ఏటి ఒడ్డున అడుగు పెట్టనివ్వం. తెలిసిందా?"

"చిత్తం," అన్నాడు వల్లభయ్య. ఓడిపోవడం చూడటం నరకమే. కానీ చూడకుండా ఓడిపోవడం ఎలా ఉంటుందో ఆయన ఊహకు కూడా అందలేదు.

ఇంటికి పోయి రెండు రోజులు అరుగు మీద కూర్చున్నాడు. లోకంలో ఆట పిచ్చి ఉన్న ప్రతివాడి మనసులోనూ ఒక సొంత జట్టు ఉంటుంది. వల్లభయ్య జట్టు ఆయన మనసులో పదకొండేళ్ళుగా పోటీలు ఆడుతూనే ఉంది, అక్కడ ఎన్నడూ ఓడలేదు. కాళ్ళతో మట్టి తొక్కే కుమ్మరి చెన్నయ్య ఉన్నాడు, వాడి పిక్కలు ఎవరినైనా పట్టుకుంటే వదిలించుకోవడం కష్టం. పడవ నడిపే అన్నదమ్ములిద్దరున్నారు, ఒకడు కదిలితే రెండోవాడికి చూడకుండానే తెలుస్తుంది. అందరికంటే ముఖ్యం, కొలువులో సన్నాయి మేళం వెనక నిలబడి శ్రుతి పట్టే కోటిలింగం. పాట పాడే సన్నాయికి శాలువా కప్పుతారు, డోలుకు దక్షిణ ఇస్తారు. శ్రుతి పట్టేవాడు ఒకే స్వరాన్ని ఊదుతూ జాములకు జాములు నిలబడతాడు. వాడి వైపు ఎవరూ చూడరు. వల్లభయ్య చూశాడు. ఒకే గుక్కలో కూత పెట్టి, అవతలివాళ్ళను తాకి గీత దాటి రావలసిన ఆటకు ఊపిరి కంటే కావలసిందేముంది? ఆ ఊపిరి పదేళ్ళుగా సింహాసనానికి ఇరవై అడుగుల దూరంలో వృథాగా పోతోంది. తలుచుకుంటే ఆయనకు కన్నీళ్ళు వచ్చేవి.

మూడో రోజు వల్లభయ్య కొలువుకు వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మళ్ళీ ఏమిటి?" అన్నారు రాజుగారు.

"ఆట సంగతి కాదు ప్రభూ, మర్యాద సంగతి. వసంతోత్సవానికి ఆసనాలు వేయించాలి. చిన్న సందేహం వచ్చింది. ప్రభువులు స్వహస్తాలతో తొడిగిన పెండేరం మీద పరాయివాడు చెయ్యి వేస్తే, మన రాజ్యంలో శిక్ష ఏమిటి?"

"ఏమిటేమిటి? ఆ చెయ్యి నరికిస్తాం!"

"చిత్తం. చెడుగుడులో మొదట పట్టుకునేది కాలే కదా ప్రభూ. అంటే మొదటి ఆట అయ్యేసరికి నల్లేరుకోట వాళ్ళెవరికీ చేతులుండవు. యుద్ధానికి కూడా ఏర్పాట్లు చేయించమంటారా?"

రాజుగారు కనుబొమలు ముడిచారు. "ఇన్నేళ్ళూ పట్టుకుంటూనే ఉన్నారుగా?"

"అదే నా బాధ. నిరుడు గంగులు మన రణశార్దూలం గారి కాలు పట్టుకుని నాలుగు బారలు ఈడ్చాడు. పెండేరంలో దూరిన ఇసుక ఇప్పటికీ రాలుతోందట. జనం నవ్వారు. ఆ కాలు ఎవరిదని నవ్వలేదు ప్రభూ. ఆ పెండేరం ఎవరు కట్టారో తెలిసి నవ్వారు."

రాజుగారి ముఖం కందగడ్డ అయింది. "అయితే పెండేరాలు తీసేసి ఆడమను."

"కట్టిన పెండేరం తీయించడం రాజద్రోహులకు చేసే శిక్ష. పాపం, వాళ్ళేం ద్రోహం చేశారు?"

ద్రోహమేమిటో కొలువులో అందరికీ తెలుసు. ఎవరూ దగ్గలేదు కూడా.

"మరి ఏం చెయ్యమంటావయ్యా?"

"ఆట గురించి నేను నోరెత్తకూడదు ప్రభూ."

"మర్యాద గురించే చెప్పు!"

"మర్యాద ప్రకారం అయితే సింహాసనం పక్కన ఏడు ఎత్తుపీటలు వేసి, ఏడుగురు మహావీరులనూ ప్రభువులతో సమానంగా కూర్చోబెట్టాలి. వాళ్ళను చూస్తేనే అవతలివాళ్ళ గుండెలు జారాలి. ఇక ఇసుకలో దొర్లడానికి బిరుదులెందుకు? పేరూ ఊరూ లేని ఏడుగురు చాలు. వాళ్ళ కాలు పట్టుకుంటే ఎవరి పరువూ పోదు. వాళ్ళు బాగా ఆడితే, మహావీరులు పక్కనుండి చూడటం వల్ల. బాగా ఆడకపోతే, వాళ్ళు అనామకులు కావడం వల్ల. ఇప్పలవరం మహావీరులను ఇసుకలో ఈడ్చామని ఏ నల్లేరుకోట వాడూ ఇకమీదట చెప్పుకోలేడు."

రాజుగారు ఆ మాటను నోట్లో వేసుకుని చప్పరించారు. రుచిగానే ఉంది. "ఆ అనామకులను ఎవరు ఏరతారు?"

"అంత అల్పమైన పని ప్రభువులకెందుకు? నేను చూసుకుంటాను."

ఆ సాయంత్రం గజబాహు వల్లభయ్య ఇంటికి వచ్చి, అరుగు మీద మెల్లగా కూలబడి, రెండు చేతులూ పట్టుకున్నాడు. "అయ్యా, తమ పిల్లాపాపా చల్లగా ఉండాలి. నా ఎడమ మోకాలు వంగక నాలుగేళ్ళయింది. చెప్పుకుంటే బిరుదు పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది." తరవాత గొంతు తగ్గించి, "గంగులు కుడివైపుకు తిరిగేటప్పుడు ఒక్క క్షణం ఎడమ కాలు నేల మీద ఆన్చి ఉంచుతాడు. ఆ కుర్రాళ్ళకు చెప్పండి," అన్నాడు. పెండేరాలు పెట్టుకున్నవాళ్ళకు ఆట తెలియదని ఎవరన్నారు? తెలుసు. వాళ్ళ మోకాళ్ళకే తెలియదు.

వసంతోత్సవం వచ్చింది. ఏటి ఒడ్డున జనం. అలవాటు కొద్దీ సగం మంది ముందే విచారంగా ఉన్నారు. ఎత్తుపీటల మీద ఏడుగురు మహావీరులు మెరిసిపోతున్నారు. కింద ఇసుకలో కుమ్మరి, పడవవాళ్ళు, శ్రుతి పట్టే కోటిలింగం, ఇంకో ముగ్గురు. వాళ్ళ పేర్లు ఆనాడు జనానికి తెలియవు.

మొదటి ఆట పోయింది. వల్లభయ్య ఉత్తరీయం కొస నోట్లో కుక్కుకున్నాడు, మాట జారకుండా.

రెండో ఆటలో గంగులు కుడివైపుకు తిరిగాడు. కుమ్మరి చెన్నయ్య ఆ ఎడమ కాలి మీద పడ్డాడు. వెంటనే పడవవాళ్ళిద్దరూ పడ్డారు. గంగులు కూత తెగిపోయింది. తరవాత ఒక్కొక్కరూ, ఒక్కొక్కరూ. ఆట ఇప్పలవరానిది! గెలిస్తే ఏం చెయ్యాలో జనం మరిచిపోయి పదకొండేళ్ళయింది. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు ఏదో తప్పు జరిగిందేమోనని పక్కవాళ్ళ ముఖాలు చూశారు. ఒక ముసలాయన ఏడ్చాడు.

మూడో ఆట చివరికి వచ్చేసరికి అటు నలుగురు, ఇటు కోటిలింగం ఒక్కడు. వాడు గుక్క పట్టి కూత మొదలుపెట్టి గీత దాటాడు. అదే స్వరం. ఎక్కదు, దిగదు. నలుగురినీ తాకాడు, నలుగురూ మీద పడ్డారు. కూత ఆగలేదు. ఆ నలుగురి కింద నుంచి సన్నాయి శ్రుతిలాగే వినిపిస్తూనే ఉంది. ఒక అడుగు జరిగాడు. ఇంకో అడుగు. రాజుగారు లేచి నిలబడి తాంబూలపు పళ్ళెంలో కాలు పెట్టారు. గజబాహు మోకాలు మరిచి పీట ఎక్కాడు. కోటిలింగం చెయ్యి చాచాడు. చాచిన చేతికీ గీతకూ మధ్య జానెడు ఇసుక. అక్కడ ఊపిరి అయిపోయింది.

నల్లేరుకోట వాళ్ళు కూడా గెలిచిన సంగతి మరిచి ఆ జానెడు ఇసుక వైపే చూశారు. గంగులే వచ్చి కోటిలింగాన్ని లేవదీసి, వాడి వీపు మీది ఇసుక దులిపాడు.

"వల్లభా!" రాజుగారు పళ్ళెంలోంచి కాలు తీశారు. "ఏమైంది? చెప్పు."

అందరూ ఆయన నోటి వైపు చూశారు. ఆ ఒక్క మాట అంటే ఈ ఒడ్డున ఇదే ఆఖరి రోజు. వల్లభయ్య నోట్లోంచి ఉత్తరీయం తీశాడు.

"ప్రభూ, ఆ గీతను జానెడు అవతల గీశారు."

రాజుగారు ఒక్క క్షణం చూశారు. మెల్లగా పీటల మీది ఏడుగురినీ చూశారు, కింద ఇసుక కొట్టుకుపోయి ఉన్న ఏడుగురినీ చూశారు. సంగతంతా అప్పుడు తలకెక్కింది. "ఓరి నీ మర్యాద తగలెయ్య! మా వీరులను మా చేతే పీటలెక్కించావా?"

"నేనెక్కించలేదు ప్రభూ. తమరు కట్టిన పెండేరాలే ఎక్కించాయి."

రాజుగారు నవ్వారు. పదకొండేళ్ళలో ఆ ఒడ్డున ఆయన నవ్విన మొదటి నవ్వు అది. కళ్ళు తుడుచుకుని, "ఆ శ్రుతివాణ్ణి పిలవండి! పెండేరం తెండి!" అని కేకేశారు.

వల్లభయ్య పరుగున వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. "ప్రభూ, కాళ్ళకు మొక్కుతాను, ఆ పని మాత్రం చెయ్యకండి! ఆ పెండేరం కట్టారా, వచ్చే ఏడు వీడికీ ఎత్తుపీట వేయాలి."

రాజుగారి చేతిలో పెండేరం గాలిలో ఆగిపోయింది. "నిజమే. మరి వీడికేం ఇవ్వమంటావు?"

"పాలు. రోజూ శేరు పాలు, పూటకు గరిటెడు నెయ్యి. ఆ గంగులు ఇంటికి తిరిగి వస్తానంటే వాడికీను."

"సరే. తెప్పించిన పెండేరం వెనక్కి పంపే అలవాటు మాకు లేదు. నీ కాలు ఇటు పెట్టు. నువ్వు ఎలాగూ ఆడవు కాబట్టి నీ కాలు ఎవరూ పట్టుకోరు. నేటి నుంచి జట్టును ఏరే బాధ్యత నీదే. మేము వేలు పెట్టం." అని రాజుగారు వంగి, వల్లభయ్య కాలికి తమ చేతులతో పెండేరం తొడిగారు. జనం జయజయధ్వానాలు చేశారు.

పొద్దు వాలుతుండగా వల్లభయ్య ఘల్లుఘల్లుమంటూ ఇల్లు చేరి, అరుగు మీద తల పట్టుకుని కూర్చున్నాడు. పేరిందేవమ్మ పెండేరం చూసింది, ముఖం చూసింది. రెండూ పొసగలేదు.

"ఇంత సత్కారం జరిగిందిగా, ఇంకా ఆ దిగులేమిటండీ?"

"పేరిందేవీ, పదకొండేళ్ళు ఆ మహారాజును తిట్టుకుంటూ బతికాను. జట్టు ఇక నాదే. వచ్చే ఏడు ఓడితే ఎవర్ని తిట్టుకోను?"

ఆవిడ చెంబుతో కాళ్ళకు నీళ్ళిచ్చి, పక్కనే కూర్చుంది.

"దానికేముంది లెండి, మిమ్మల్ని నేను తిడతానుగా," అంది. "ముందు చెప్పండి, ఆ జానెడు ఎంతో చూపించండి."

వల్లభయ్య చెయ్యి చాచి అరుగు మీద జాన పెట్టి చూపించాడు. చూపించి, వేళ్ళు కొంచెం దగ్గరికి జరిపాడు. ఇంకా కొంచెం జరిపాడు.