గీతలున్న రాయి

ఒక రాజ్యంలో రోళ్లకు కక్కు కొట్టే స్త్రీ ఒకతె ఉండేది. అరిగి నున్నబడిన రాతిమీద ఉలితో గీతలు చెక్కడమే ఆమె విద్య. ఆ గీతలు లేనిదే రోటిలో పప్పు నలగదు, పచ్చడి మెదగదు.

ముప్పది యేండ్లు రాళ్లకు గీతలు పెట్టిన ఆ చేతికి తన గీతలు మాత్రం నిలువలేదు. బొటనవ్రేలు గచ్చకాయవలె నున్నబడింది. చెక్కినప్పుడు లేచిన రాతిదుమ్ము రొమ్ములో చేరి దగ్గయింది. మూడు మెట్లెక్కితే చాలు, నాలుగవదానిమీద కూర్చోవలసిందే.

రాజుగారి వైద్యశాలలో మందు ఉచితమే. అయితే వాకిట కూర్చున్న ద్వారపాలకుని పుస్తకంలో గీతలు గల ముద్ర పడవలెనని నియమం. ఆమె వ్రేలు సిరాలో అద్ది ఒత్తితే నల్లని చుక్క పడింది.

"ఇది ముద్ర కాదమ్మా, మరక," అన్నాడు ద్వారపాలకుడు. అతడు చెడ్డవాడు కాడు. నియమం అక్షరం తప్పనివాడు, అంతే.

"నేనే కదయ్యా, మీ ఎదుట నిలుచున్నది?"

"నువ్వున్నావని నాకు తెలుసు. పుస్తకానికి తెలియవద్దూ? ఒక నెల పని మానుకో. గీతలు మొలుస్తాయి."

"పని మానితే తినేదేమిటయ్యా?"

"ఆ సంగతి ఈ పుస్తకంలో లేదు."

మరునాడు వైద్యశాలలో మూలికలు నూరే సన్నికల్లు అరిగిపోయి, మూలికలు నలగక జారసాగినవి. ఆమెకు కబురు వచ్చింది. పెరటి గుమ్మం గుండా తీసికొనిపోయారు. అక్కడ ఆమె వ్రేలు ఎవరూ అడుగలేదు. ఆమె దగ్గుతూనే కక్కు కొట్టింది.

ఆ దగ్గు విని వైద్యుడు, "నీకు కావలసిన మందే ఇప్పుడు దీనిమీద నూరబోతున్నాను తల్లీ. ముందువాకిట ఇస్తారు, వెళ్లి తీసికో," అన్నాడు.

ఆమె చుట్టూ తిరిగి ముందువాకిటికి వచ్చింది. లోపల మూలిక నలుగుతున్న చప్పుడు వినబడుతూనే ఉన్నది.

"గీతలు మొలిచినవా?" అన్నాడు ద్వారపాలకుడు.

"మొలుస్తున్నాయి. కాస్త తాళండయ్యా."

ఆమె అరుగుమీద కూలబడి, ఉలి పదును చూసికొనే చేతిరాయిని సంచిలోనుండి తీసింది. నిమ్మకాయంత రాయి. దానిమీద వంకులు తిరిగిన గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా చెక్కింది. సిరాలో అద్ది పుస్తకంమీద ఒత్తింది.

ద్వారపాలకుడు వంగి చూశాడు. గీత గీతా స్పష్టంగా ఉన్నది. నియమాన్ని మరొకసారి చదువుకొన్నాడు. వంక పెట్టడానికి వీలు లేకపోయింది.

"పేరు?"

"చేతిరాయి."

"వ్యాధి?"

"దగ్గు."

అతడు ముత్యాలవంటి అక్షరాలతో వ్రాసికొన్నాడు. కషాయం గిన్నె తెప్పించి రాయి ముందు పెట్టి, "చల్లారకముందే త్రాగించు," అన్నాడు. అతడు పుట తిప్పేలోపల గిన్నె ఖాళీ అయింది.

వారం తరువాత ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నాలుగవ మెట్టుమీద కూర్చోలేదు.

ద్వారపాలకుడు చేతిరాయిని రెండు చేతులా అందుకొన్నాడు. పైగుడ్డతో దుమ్ము తుడిచి, రోగులు కూర్చునే బల్లమీద పదిలంగా కూర్చుండబెట్టాడు.

"మొన్నటికంటె రంగు తేరింది, పాపం," అన్నాడు.

తరువాత ఆమెవైపు తిరిగాడు.

"నువ్వు కాస్త పక్కకు నిలుచో అమ్మా. రోగికి గాలి ఆడనీ."