బోర్డు మీద మూడో పేరు

మా సోషల్ మాస్టారు దాలినాయుడు గారిని ఏదన్నా అడిగితే జవాబు చెప్పరు. "ఊఁ" అంటారు, అంతే. ఆ జవాబు ఎప్పుడు ఎటునుంచి వచ్చి తగుల్తుందో తెలీదు. అందుకే ఆయన ఊఁ అంటే నాకు డౌటు మొదలవుద్ది.

మొన్న మా క్లాస్ లీడర్ ఫణీంద్ర లేచాడు. "మాస్టారూ, పుస్తకంలో ఉందంటే చూసినోళ్ళే రాసుంటారు కదా. ప్రతి లైనుకీ ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని మాచేత అడిగిస్తారేంటి? బట్టీ కొడితే మార్కులొస్తాయి కదా."

"ఊఁ" అన్నారు.

మాస్టారు లేనప్పుడు మాట్లాడినోళ్ళ పేర్లు లీడరే బోర్డు మీద రాస్తాడు. నెలలో మూడుసార్లు పేరెక్కితే లీడర్ ఎలక్షన్‌లో నిలబడకూడదు. ఎలక్షన్ సోమవారం. ఫణీంద్ర మీద పోటీకి ఎస్తేరు ఒక్కతే ఉంది. పది రోజుల్లో తన పేరు రెండుసార్లు ఎక్కింది. తను నోరు తెరవడం నేనైతే చూళ్ళేదు. కానీ ఎవడితో చెప్తాం? రేపు మన పేరెక్కుద్ది.

శుక్రవారం ఇంటర్వెల్ అయ్యింది, మాస్టారు రాలేదు. క్లాసంతా గోల. ఫణీంద్ర మాకు వీపు పెట్టి టకటకా మూడు పేర్లు రాసేశాడు. మూడోది ఎస్తేరు. తన బెంచీ వైపు చూశా. ఖాళీ. నా పక్కనోడు కూడా చూశాడు. ఇద్దరం తలలు దించేసుకున్నాం.

అప్పుడొచ్చారు మాస్టారు. బోర్డు చదివారు.

"ఎస్తేరు ఏం చేసింది, లీడర్ గారూ?"

"గట్టిగా నవ్వింది మాస్టారూ. చెప్పినా వినలేదు."

"ఊఁ. లోపలికి రామ్మా."

గుమ్మంలోంచి ఎస్తేరు వచ్చింది. చంకలో మ్యాపు, జడంతా దుమ్ము. ఇంటర్వెల్ నుంచీ మాస్టారితో కలిసి స్టాఫ్ రూమ్ బీరువా వెనకాల ఆ మ్యాపు వెతుకుతూనే ఉందంట. బోర్డు చూసింది, ఫణీంద్రని చూసింది.

"ఏరా, స్టాఫ్ రూమ్‌లో నవ్వితే ఇక్కడిదాకా వినపడిందా?"

క్లాసంతా గొల్లుమంది. బల్లలు చరిచి మరీ నవ్వాం. అందరికంటే గట్టిగా నేనే. ఫణీంద్ర చేతిలో సుద్దముక్క రెండయింది.

మాస్టారు మాత్రం నవ్వలేదు. డస్టర్ తీసి ఎస్తేరు చేతికిచ్చారు. తను పేరు చెరిపేదాకా ఆగి, మావైపు తిరిగారు.

"రాసింది వాడొక్కడే. ఖాళీ బెంచీ ఎంతమందికి కనపడింది?"