క్యాచర్ చెయ్యి

మికుని కళ్ళు మూసుకుని ధ్యానానికి కూచుంటే చాలు, ఒగిసో మొహం కనిపించేది.

ఒగిసో చనిపోయి ఏడాది కావస్తోంది.

జపాన్‌లో ఒక రేవు పట్నం బేస్‌బాల్ జట్టుకి మికుని పిచర్. అంటే బ్యాటు పట్టుకున్నవాడి మీదికి బంతి విసిరేవాడు. మీసాలు రాని వయసులో చేరి, భుజం అరిగిపోయేదాకా విసిరాడు. తర్వాత అదే జట్టుకి కోచ్ అయ్యాడు, మేనేజర్ అయ్యాడు, చివరికి క్లబ్బు యాజమాన్యంలో కూచున్నాడు. ఆ ఊళ్ళో ఆయన్ని గుర్తుపట్టని టాక్సీ డ్రైవరు లేడు.

అన్నేళ్ళూ ఆయన విసిరిన బంతులు పట్టుకున్నవాడు ఒగిసో. క్యాచర్. బ్యాటు వెనక గొంతుక్కూచుని, ఎడమ చేతికి తోలు గ్లవ్ తొడుక్కుని, వచ్చిన బంతిని వచ్చినట్టు అందుకునేవాడు. తక్కువ మాట్లాడేవాడు.

మికుని మేనేజర్ అయ్యేనాటికి ఒగిసో కుర్ర క్యాచర్లకి పని నేర్పిస్తున్నాడు. ఆ ఏడు జట్టు అన్నిటికన్నా అడుగున నిలిచింది. శిక్షకుల్లో ఒకరిని తీసెయ్యమన్నారు పైవాళ్ళు. మికుని ఒగిసో పేరు చెప్పాడు. ఆ కబురు ఆఫీసు గుమాస్తా చేత చెప్పించి, తను వెనక గేటులోంచి కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఇద్దరూ కలుసుకోలేదు. ఒగిసో పోయాడని తెలిసినప్పుడు కూడా మికుని వెళ్ళలేదు. క్లబ్బు పేరు మీద పూలు పంపించాడు.

పదవి వదిలేశాక కొండ మీద ర్యోకై గురువు ఆశ్రమంలో చేరాడు. గురువు బేస్‌బాల్ ఎప్పుడూ చూడలేదు. శిష్యుడు చెప్పింది అంతా విన్నాడు.

"తీసెయ్యడం తప్పు కాదు గురువుగారూ," అన్నాడు మికుని. "జట్టు కోసం చేశాను. ఇంకెవరున్నా అదే చేసేవారు. కాని మొహం చూసి చెప్పి ఉండాల్సింది. ఇప్పుడు క్షమాపణ అడుగుదామంటే మనిషి లేడు. ఎవర్ని అడగను?"

గురువు లేచాడు. "పెరట్లో కాయలు కోసి ఉన్నాయి. రా," అన్నాడు.

పెర్సిమన్ కాయలు అవి. మన తునికి జాతివే, కాకపోతే జామకాయంత ఉంటాయి. తొక్క తీసి, దండలు గుచ్చి ఎండబెట్టే రకం. పచ్చిమీద రాళ్ళలా ఉంటాయి. సామాన్ల కొట్టు మెట్ల మీద కుప్పగా పోసి ఉన్నాయి.

గురువు పై మెట్టు మీద నిలబడ్డాడు. కింద బుట్ట పెట్టి, దాని పక్కన మికునిని కూచోమన్నాడు.

"నేను విసురుతాను. నువ్వు పట్టుకుని బుట్టలో వెయ్యి. కింద పడితే దెబ్బ తింటాయి, దెబ్బ తిన్నది కుళ్ళిపోతుంది."

మికుని గొంతుక్కూచున్నాడు. మొదటి కాయ సూటిగా అరచేతిలో పడింది. రెండోది ఎడంగా పోయింది. తర్వాతిది నేలకి ఆనుకుని వచ్చింది. ముసలాయన గురి లేకుండా విసురుతూనే ఉన్నాడు. మికుని ఒంగాడు, పక్కకి జరిగాడు, ఒకసారి మోకాళ్ళ మీద పడ్డాడు. ఒక కాయ వేలి చివర తగిలింది. నొప్పి మోచేతి దాకా పాకింది.

"కాస్త చూసి విసరండి గురువుగారూ."

"నువ్వు అన్నీ చూసే విసిరావా?"

మికుని ఇంకో కాయ అందుకుని బుట్టలో వేశాడు. భుజం సహకరించని రోజులు గుర్తొచ్చాయి. కోపంతో విసిరిన రోజులు కూడా. ఆ బంతులు ఎటు పోతున్నాయో తనకే తెలిసేది కాదు. ఒక్కటీ ఒగిసోని దాటి వెనక్కి పోలేదు.

బుట్ట నిండింది. గురువు మెట్లు దిగి వచ్చి, మికుని ఎడమ చెయ్యి తన చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. అరచెయ్యి కందిపోయింది. చూపుడు వేలు వాచింది.

"ఆయన చెయ్యి ఎలా ఉండేది?" అని అడిగాడు.

మికుని చెప్పబోయి ఆగిపోయాడు. గ్లవ్ గుర్తుంది. దాని రంగు, బొటనవేలి దగ్గర కుట్టు ఊడి మళ్ళీ కుట్టించిన చోటు, అన్నీ గుర్తున్నాయి. చెయ్యి గుర్తు రాలేదు.

"నాకు తెలీదు," అన్నాడు.

గురువు బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మర్నాడు మికుని సెలవు అడిగి కొండ దిగాడు. ఒగిసో ఇల్లు సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో ఉంది. ఎప్పుడూ వెళ్ళింది లేదు. దారి అడుగుతూ వెళ్ళాడు.

ఒగిసో భార్య చియో తలుపు తీసింది. ఆయన్ని గుర్తుపట్టింది. కాసేపు గుమ్మంలోనే నిలబడి, తర్వాత లోపలికి రమ్మంది. ఒగిసో ఫోటో ముందు మికుని అగరొత్తి వెలిగించాడు. క్షమాపణ మాటలు దారంతా కూర్చుకుంటూ వచ్చాడు గాని, అవి నోటికి రాలేదు.

"ఒకటి అడగాలమ్మా," అన్నాడు. "ఆయన ఎడమ చెయ్యి ఎలా ఉండేది?"

ఆవిడ ఆయన వంక చూసింది. ఆ తర్వాత తన ఎడమ చెయ్యి చాపి, చూపుడు వేలు పక్కకి వంచి, మిగతా వేళ్ళు సగం ముడిచి చూపించింది.

"ఇలా. ఇంతకన్నా తెరుచుకునేది కాదు. అన్నం గిన్నె ఆ చేత్తో ఎత్తి పట్టుకోలేకపోయేవారు. మనవాళ్ళలో గిన్నె కింద పెట్టి తింటే మర్యాద తెలీదంటారు కదా. అందుకే మీ విందులకి వచ్చేవారు కాదు, మికునిగారూ. అందరి ముందూ సిగ్గు."

ప్రతి గెలుపు తర్వాతా మికుని విందు ఇచ్చేవాడు. ఒగిసో ఏదో వంక చెప్పి వెళ్ళిపోయేవాడు. తన పేరు చూసి ఓర్వలేకనే రావడం లేదని అనుకునేవాడు మికుని. శిక్షకుల్లో ఎవరిని తీసేద్దామని అడిగిన రోజున మొదట గుర్తొచ్చింది కూడా ఆ ఖాళీ కుర్చీయే.

"చెప్పలేదే ఎప్పుడూ," అన్నాడు.

"తెలిస్తే మీరు జోరు తగ్గించి విసురుతారని చెప్పలేదు."

పొద్దు నడినెత్తికొచ్చింది. చియో భోజనం వడ్డించింది. అన్నం గిన్నె ఆయన ముందు పెట్టి, తనూ ఎదురుగా కూచుంది.

మికుని గిన్నెని చేత్తో ఎత్తలేదు. బల్ల మీదే ఉంచి, దాని మీదికి ఒంగి, నెమ్మదిగా తిన్నాడు.