కత్తెరకు దొరకనిది

తుమ్మముళ్ళ దడి లోపల మంద సగం బోడిగా, సగం బొచ్చుగా నిలబడి ఉంది. కాపరి బీరయ్య ఉన్ని కత్తిరించే రోజది. కర్రెమ్మ అనే గొర్రె వంతు వచ్చేసరికి ఒత్తైన ఉన్నితోపాటు వీపు మీద కాపరి వేసిన ఎర్ర జేగురు గుర్తు కూడా మూటలోకి పోయింది. కత్తెరకు అడ్డమొస్తోందని మెడలో గంట కూడా విప్పేశాడు. ఎముకల గూడులా మిగిలిన కర్రెమ్మ పరుగున తన పిల్ల దగ్గరికి వచ్చి, "రా బుజ్జీ, పాలు తాగు" అంది.

పిల్ల బెదిరి వెనక్కి దూకింది. "పో! నువ్వు మా అమ్మవి కాదు. మా అమ్మకు బోలెడు బొచ్చు. మెడలో గంట మోగుతుంది!"

కత్తెర తగిలినప్పుడు రాని ఏడుపు కర్రెమ్మకు అప్పుడొచ్చింది. పిల్ల పొద్దుటినుంచీ పస్తులుంది మరి!

దడి బయట గోతి కాడ నక్కలా కాచుక్కూర్చున్నదెవరు? నక్కే!

"అయ్యో పాపం, కన్నపిల్లే కాదందా?"

"నేను కర్రెమ్మనే మామా!"

"కర్రెమ్మంటే ఏంటే? ఆ ఉన్ని, ఆ గుర్తు, ఆ గంట. అన్నీ మూటలోకి పోయాయి. అంటే కర్రెమ్మ మూటలో ఉన్నట్టే. గుర్తు లేని నిన్ను రేపు కాపరే తరిమేస్తాడు. దడికున్న ఈ కంతలోంచి బయటికి రా, నువ్వెవరో నేను చెబుతా."

కర్రెమ్మ కంతదాకా నడిచింది కూడా. తల బయట పెట్టబోయి ఆగిపోయింది. ఉన్ని పోయిందని ఏడుస్తున్నదెవరు? ఉన్ని ఏడవదు కదా! నిరుడూ కత్తిరించారు, మళ్ళీ మొలిచింది. ఆ ఉన్నినీ ఈ ఉన్నినీ మోసింది ఒక్కతే. పిల్లగా ఉన్నప్పుడు గుర్తూ లేదు, గంటా లేదు. అప్పుడున్నదే ఇప్పుడూ ఉంది, అన్నీ చూస్తూ. దాన్ని కోసే కత్తెర ఏదీ?

కర్రెమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది.

"మామా, కర్రెమ్మ మూటలోనే ఉందంటావా?"

"ముమ్మాటికీ!"

"అయితే పోయి ఆ మూటనే తిను. ఎవరూ లేనిచోట చొంగ కారుస్తావెందుకు?"

నక్కకు ఒళ్ళు మండిపోయింది. "మూటెవడిక్కావాలే! నాక్కావలసింది నువ్వు!" అంటూ కంతలోకి మెడదాకా దూరింది.

"హమ్మయ్య! నేనున్నానని నీ నోటితోనే ఒప్పుకున్నావు."

నక్క కోరలు చూసిన పిల్ల కెవ్వుమని, బొచ్చూ గంటా వెతక్కుండా, తిన్నగా కర్రెమ్మ పొట్ట కిందికే దూరింది. కర్రెమ్మ దడి అదిరేలా అరిచింది. బీరయ్య కుక్క లగెత్తుకొచ్చింది. నక్క మెడ మీది బొచ్చంతా తుమ్మముళ్ళకు అప్పగించి పొలాలకడ్డం పడింది.

"మామా! నీ బొచ్చు ఇక్కడే ఉండిపోయింది. నీ మాట ప్రకారం నక్క ఇక్కడే ఉన్నట్టు. మరి ఆ పరిగెత్తేదెవరు?"

"నేనే!" అని మూలిగింది నక్క.

"ఆ నేనెవరో తీరిగ్గా కనుక్కో!"

పొట్ట కింద పిల్ల అప్పటికే గుటకలు వేస్తోంది.

పోయినవాటితోపాటు నేనూ పోయాననుకుంటే ప్రతి నక్కా నీకు గురువే అవుతుంది. మిగిలిందెవరో నిన్ను నువ్వే అడుగు!