సున్నాలమ్మ ఇంటి మెట్లు

కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, కుందనా. ఆ సున్నం డబ్బా ఇలా ఇచ్చెయ్, మూత ఊడిందంటే పక్కంతా సున్నమే. ముప్పై ఏళ్ళు బళ్ళో సైన్సు చెప్పినదాన్ని, రాజులూ రాణులూ నాకు రారు. ఇవాళ్టి కథ ఈ డబ్బాలోంచే తీస్తాను.

అనగా అనగా, రాత్రంటూ లేని ఊరొకటి. ఎక్కడో కాదు, సూర్యుడి మీదే. ఆ ఊళ్ళో సున్నాలమ్మ అని ఒకావిడ ఉండేది. సున్నంలో కాల్షియం పరమాణువని బళ్ళో చెప్తారే, అదే ఈవిడ. ఎంతుంటుందంటావా? ఈ సున్నం గోటితో గీరితే, ఆ గోట్లో కోట్లమంది సున్నాలమ్మలుంటారు.

ఆవిడింట్లో లోపలి గదుల్లో పద్దెనిమిది మంది పెద్దవాళ్ళు. వాళ్ళు కదలరు, మనకి వాళ్ళతో పనీ లేదు. అరుగు మీద మాత్రం ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది పైడమ్మ, చిన్నది నూకాలు. అరుగు నుంచి పైకి మెట్లు.

ఆ ఇంటికో కట్టుబాటు ఉంది. మెట్టు మీదే నిలబడాలి, మధ్యలో కాలు ఆనకూడదు. పైకెక్కాలంటే వెలుగు పోగు ఒకటి అందుకోవాలి. ఎర్ర పోగు కొంచెమే లేపుతుంది, నీలం ఇంకాస్త, ఊదా ఇంకా ఎక్కువ. మెట్టుకి సరిగ్గా సరిపోయే పోగే పనికొస్తుంది. దిగేటప్పుడు దాన్ని మళ్ళీ వదిలెయ్యాలి.

"దాచుకుంటేనో?"

దాచుకుంటే దిగడం కుదరదే. అదంతే.

వెలుగు మోసేవాళ్ళు సూర్యుడి లోపలి నుంచి రంగు రంగుల పోగులు కట్టలు కట్టుకుని ఆ దారిన పోయేవారు. సున్నాలమ్మ ఇంటి మెట్టుకి నీలం సరిపోయేది. అక్కచెల్లెళ్ళు కట్టలోంచి నీలి పోగు లాగి పైకెక్కేవారు. అప్పుడే దిగిపోయి, ఆ పోగుని ఏ దిక్కుకో విసిరేసేవారు. కట్ట మాత్రం ఆ పోగు లేకుండానే ముందుకి పోయేది. అది చూసి ఊరంతా "ఓహో, సున్నాలమ్మ ఇంటి మీంచి వచ్చిందిరా" అనుకునేవారు.

ఒకరోజు ఎండ మరీ మండింది. పైడమ్మ చూసుకోకుండా, ఊదాకి అవతల ఉండే, కంటికే కనపడని పోగొకటి పట్టుకుంది. అది ఆఖరి మెట్టు కూడా దాటించేసింది. ఆఖరి మెట్టు తర్వాత ఇంక మెట్లుండవు. పిల్ల ఊరి మీద పడింది.

సున్నాలమ్మ ఏడ్చింది, ఏడవదా మరి. ఇద్దర్నీ పట్టుకోవాల్సిన చేతులతో ఒక్కదాన్నే గట్టిగా దగ్గరికి లాక్కుంది. దాంతో ఆ ఇంటి మెట్లు ఇదివరకటికన్నా ఎత్తయిపోయాయి.

నూకాలు పైకెక్కి అప్పని, అదే అక్కని, వెతుకుదామనుకుంది. ఎర్ర పోగు లాగింది, కాలే లేవలేదు. ఆ తర్వాత పాత అలవాటుగా నీలం లాగింది, అదీ చాల్లేదు. అప్పుడు ఊదా లాగింది, సరిగ్గా సరిపోయింది! పైకెక్కి "అప్పా!" అని ఒక్క కేక వేసి, మళ్ళీ కిందికొచ్చేసింది. ఊదా వెలుగు ఎటో పోయింది. మళ్ళీ ఎక్కింది, మళ్ళీ దిగింది.

అక్కడ పైడమ్మ దారి తెలీక తిరుగుతోంది. 'నీలి పోగు లేని కట్ట ఎటునుంచి వస్తే అటే మా ఇల్లు' అనుకుంది. మొదటి కట్ట చూసింది, అన్నీ ఉన్నాయి. రెండోదాంట్లో పసుపు లేదు. అది పక్క వీధి ఉప్పమ్మ ఇంటి మీంచి వచ్చిన కట్ట, వాళ్ళ మెట్టుకి పసుపు సరిపోతుంది. మూడోదాంట్లో నీలం భద్రంగానే ఉంది, ఊదా లేదు.

"ఇదీ మా ఇల్లు కాదు" అని వెనక్కి తిరిగింది.

మోసేవాడు జాలిపడి, "ఆ ఇంట్లో ఓ పిల్ల ఒక్కర్తే మెట్లెక్కి 'అప్పా' అని కేకలేస్తంది, పాపం" అన్నాడు.

"మా ఇంట్లో ఇద్దరం. మాది నీలం" అంది పైడమ్మ. అని, ఆగిపోయింది. ఇద్దరం ఉన్నప్పుడు నీలం. మరి నేను లేకపోతే?

పరుగే పరుగు. గుమ్మం దగ్గరయ్యేసరికి అమ్మ చేయి లాగనే లాగింది. పై మెట్టు నుంచి ఒక్కోటీ దిగుతూ, ఒక్కో మెట్టుకీ ఒక్కో వెలుగు వదిలింది. ఆఖరిది నీలం. ఇల్లంతా నీలమైపోయింది.

"ఇన్నాళ్ళూ ఏటి చేసినావే?" అంది సున్నాలమ్మ, పిల్లని వదలకుండానే.

"మన ఇంటి రంగు కోసమే వెతికానమ్మా. కనపడలేదు."

"నువ్వు లేకపోతే అది మన ఇంటి రంగెలా అవుతాదే?"

ఏం కుందనా, ఏడుస్తున్నావా? వచ్చేసిందిగా. కానీ ఆ ఊళ్ళో ఎండ తగ్గదు, ఏదో ఒక ఇంటి పిల్ల జారుతూనే ఉంటుంది. అందుకే ఎండని గాజు పట్టకంతో బాగా పరిచి చూస్తే, ఊదాలో పోగు లేని చోట ఇప్పటికీ నల్లటి గీతలు కనపడతాయి. అక్కడెవరో చెల్లెలు మెట్లెక్కుతోందన్నమాట.

మెట్టు దిగి వెలుగొచ్చె, గుమ్మానికి అప్పొచ్చె,
కంచి దారి కథ పోయె, కుందనకి నిదరొచ్చె.