ఉప్పు కణికకు మూలలెందుకు?

ఒకప్పుడు ఉప్పు అనేదే లేదు. పప్పు చప్పగా ఉండేది, సముద్రమూ చప్పగానే ఉండేది.

సైన్సులో నాకు పాసు మార్కులకు ఎప్పుడూ రెండు తక్కువే వచ్చేవి. కాబట్టి లెక్క తగ్గినవాళ్ళ కథ నేను చెబితేనే బాగుంటుంది.

ఆ రోజుల్లో పరమాణువు గొప్పతనమంతా దాని చుట్టూ తిరిగే ఎలక్ట్రాన్లలో ఉండేది. బయటి వరసలో ఎనిమిదుంటే పెద్దమనిషి. నియాన్‌గారికి ఎనిమిది. అందుకే ఆయన తన అరుగుమీద కాలుమీద కాలేసుకుని, ఎవరు పలకరించినా పలికేవారు కాదు.

సోడియానికి బయటి వరసలో ఒకే ఒక్కటి. ఆ అరుగుమీద ఒక్కసారి కూర్చోవాలని వాడి ప్రాణం కొట్టుకునేది.

"అయ్యా, కాస్త చోటిస్తారా?"

"నీకెన్నిరా?"

"ఒకటండీ."

"ఒకటా! ఎనిమిదయ్యాక కనబడు."

మొహం వేలాడేసుకుని వస్తుంటే క్లోరినమ్మ ఎదురైంది. లేతాకుపచ్చ చీర, ఘాటైన నోరు. ఆవిడకు ఏడు.

"ఏంటయ్యా ఆ ఏడుపు మొహం?"

"ఇంకో ఏడు కావాలి. ఎవరిస్తారు?"

"ఏడు అడుక్కునే బదులు ఆ ఒక్కటీ వదిలించుకోరాదూ? వెనక వరసలో ఎనిమిది కూర్చునే ఉన్నాయిగా! అది నాకు పడేయ్. నాకూ ఎనిమిదవుతాయి."

సోడియం ఇచ్చేశాడు. పసుప్పచ్చటి మంట భగ్గుమంది. ఖాళీ అయిన వరస పోయి, వెనకదే బయటి వరసయింది. వాడు ఒక్క పరుగున అరుగు దగ్గరికెళ్ళాడు.

"ఎనిమిదండీ! చూసుకోండి!"

నియాన్‌గారు కిందికీ పైకీ చూశారు. "ఎనిమిదే. కానీ ఒంటిమీద ఆ ప్లస్ గుర్తేంటి? ఎలక్ట్రాన్ అంటే మైనస్. ఓ మైనస్‌ని వదిలేస్తే ప్లస్ మిగలదూ? గుర్తులున్నవాళ్ళు మా అరుగెక్కరు."

"ఆ మాట ఇందాక చెప్పలేదే?"

"ఇందాక నీకు ఎనిమిది లేవుగా!"

సోడియం మెట్టుమీదే నిలబడిపోయాడు. ఇంతలో వెనకనుంచి ఎవరో గట్టిగా లాగినట్టయింది. చూస్తే క్లోరినమ్మ. ఎలక్ట్రాన్ పుచ్చుకున్నందుకు ఆవిడ ఒంటిమీద మైనస్ గుర్తు పడింది. మైనస్ కనబడితే ప్లస్ ఆగుతుందా?

"ఆ అరుగు కోసం ఇంకా ఏం వదిలేస్తావోయ్? ఇలా రా."

సోడియం మెట్టు దిగాడు. ఇద్దరూ అతుక్కుపోయారు.

అది చూసి, అరుగు దగ్గర మాటపడ్డ సోడియాలందరూ వచ్చారు, క్లోరినమ్మలూ వచ్చారు. వాళ్ళూ ఒక్కో ఎలక్ట్రాన్ ఇచ్చిపుచ్చుకున్నారు. ప్లస్ పక్కన మైనస్, మైనస్ పక్కన ప్లస్. ముందూ వెనకా, కుడీ ఎడమా, పైనా కిందా, ఒక్కొక్కరి చుట్టూ ఆరుగురు. గోడ కట్టినట్టు వరసలు పేర్చుకుంటూ పోయారు.

అప్పటినుంచే ఉప్పు కణిక పలకలు పలకలుగా, మూలలు తేలి ఉంటోంది. దానికి చోటివ్వని వంటిల్లు లేదు. ఎవరితోనూ కలవని నియాన్‌గారు మాత్రం గాజు గొట్టంలో ఒంటరిగా ఎర్రబడుతూ, ఎవరిదో చెప్పుల కొట్టు బోర్డుమీద పేరు చూపిస్తున్నారు.